కొండనడకకు కుక్కను కొనిపోవుట

మన పాఠశాల విద్యార్థులు సంవత్సరమునకొకమారు చేయు కొండనడకకు ఇకమీదట కుక్కలను రానీయరాదని కొందఱు తలిదండ్రులు కోరియున్నారు. కుక్కయన నెంత, నాలుగుకాళ్ల జంతువు, దానికి మనము నడక నేర్పవలెనా, వచ్చిన రానిండు, మానిన మాననిండు అని మఱికొందఱు అనుచున్నారు. ఈ రెండు పక్షములలో దేనితోను మేము ఏకీభవింపజాలము. మొదటివారి భయమునకు తగిన కారణము కలదు. దానిని గూర్చి క్రింద వ్రాయుదుము. రెండవవారి మాటలో ఎఱుగనితనము హెచ్చు. ఆ ఎఱుగనితనము వలననే గత మార్చి నెలలో మన యూర ఒక ప్రాణము పోయినది గనుక, ఈ వార్షిక సంచికలో కుక్కలకు నాలుగు పుటలా యని చదువరులు నవ్వకుందురు గాక.

నర్సీపట్నము ఎడారి గాదు. వరాహనది యున్నది, తాండవ జలాశయమున్నది, చెఱకుతోటలును వరిమళ్లును జీడితోపులును ఉన్నవి. చింతపల్లి త్రోవను ఘాటీ యెక్కినచో లంబసింగి వచ్చును. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్న ఆ యూరి చలిని అనుభవించుటకు డిసెంబరు, జనవరి నెలలలో ఎక్కడెక్కడి జనులో రాత్రికి రాత్రి కారులలో వచ్చుచున్నారు. ఇట్టి సీమలో ఎడారి మాట యేల యని యడుగవచ్చును. కాని మార్చి నడుమ మొదలుకొని జూను తొలివానల వఱకు ఊరి చుట్టునున్న రాతికొండల నెక్కి చూడుడు. గెడ్డలలో ఇసుక తప్ప నీరుండదు. ఎఱ్ఱగులకరాయి పెనమువలె కాగియుండును. నీడ కావలెనన్న ఒక బండచాటునుండి మఱియొక బండచాటునకు పరుగెత్తవలెను. ఉదయము పది గంటలు మొదలు సాయంకాలము నాలుగు గంటల వఱకు ఆ కొండవాలు, చెప్పులు తొడిగికొని తలకు టోపీ పెట్టుకొని నీళ్లసీసా భుజమున వ్రేలాడదీసికొన్న మనకు కష్టమైన త్రోవ మాత్రమే. వీనిలో నేదియు లేని కుక్కకు అది ఎడారియే.

నిజమైన ఎడారిలో పుట్టి పెరిగినవారు ఈ సంగతి మనకంటె బాగుగా నెఱుగుదురు. అరబ్బు దేశములలోని బెదవీనులు సలూకీ యను జాగిలములను వేటకై పెంచుచుండిరి. సన్నని నడుము, పొడుగు కాళ్లు, పొట్టి వెండ్రుకలు గల ఆ జాతి వేడి దేశమునకు మిక్కిలి తగినది. అయినను వేటకు పోవునప్పుడు దానిని కాగిన ఇసుకమీద నడిపింపక ఒంటెమీద నెక్కించుకొని పోవు వాడుక వారిలో నుండెను. మృగము కంటబడు వఱకు దాని పాదములును బలమును చెడకుండుటకై వారు చేసిన యేర్పాటది. ఎడారి జాగిలమునకే ఒంటె వాహనము కావలసివచ్చినప్పుడు, మన పెరటికుక్క కేమియు కాదులే యను ధైర్యము ఎక్కడిది?

కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. పాదముల అడుగున మాత్రము కొలదిగా చెమట పుట్టును. చల్లబడుటకు దానికున్న ముఖ్యసాధనము రొప్పుట. నోరు తెఱచి, నాలుక వ్రేలవేసి, వడివడిగా ఊపిరి విడుచుచు, నాలుకమీదను నోటిలోపలను గల తడిని ఆవిరిగా పంపి, ఆ విధముగా నెత్తుటి వేడిమిని తగ్గించుకొనును. గాలిలో తేమ హెచ్చుగా నున్నయెడల తడి త్వరగా ఆఱదు; అప్పుడు ఎంత రొప్పినను ఫలము తక్కువ. మనకు సముద్రము దూరము గాదు, ఉక్కపోయు దినములకు కొదువ లేదు. ఆరోగ్యముగా నున్న కుక్క యొడలి వేడిమి 38 మొదలు 39 డిగ్రీల వఱకుండును. అది 41 డిగ్రీలు దాటినచో ప్రాణాపాయము. రెండు మూడు డిగ్రీల యెడమే గదా! పాదముల సంగతియు నట్టిదే. గాలి వేడిమి 35 డిగ్రీలున్న దినమున ఎండ తగులు తారురోడ్డు 50 డిగ్రీలు దాటి కాగగలదు. ఎండిన బండ దానికి చాల వెనుకబడదు. చేతి వెనుకభాగమును నేలకు ఆనించి ఏడు లెక్కించు వఱకు ఉంచగలిగిన యెడల ఆ నేలమీద కుక్కను నడిపింపవచ్చును. అంతలోపల చేయి తీసికొనవలసివచ్చిన యెడల నడిపింపరాదు. ఈ పరీక్షకు యంత్రమక్కఱలేదు, పైకమక్కఱలేదు, రెండవ తరగతి పిల్లవాడైనను చేయగలడు.

గత మార్చిలో జరిగినది ఇట్టిది. రెండవ శనివారము సెలవునాడు తొమ్మిదవ తరగతి బాలురు అయిదుగురు, ఇంట పెద్దలతో చెప్పక, ఊరవతలి కొండకు బయలుదేరిరి. వారిలో నొకని యింటికుక్క వెంబడించెను. మేలుజాతిది గాదు, ఎఱ్ఱని ఊరకుక్క, ఆఱేండ్ల యీడు. తొమ్మిది గంటలకు వారు ఊరు దాటిరి. అయిదుగురికిని కలసి రెండు సీసాల నీరు. కుక్కకై వేఱుగ నేమియు తేలేదు. సగము కొండ యెక్కునప్పటికి పదకొండు కావచ్చినది. కుక్క ప్రతి బండనీడకును పోయి కూర్చుండ మొదలిడెను. అది సోమరితనమని తలంచి, లుంగీ అంచు చింపి మెడకు కట్టి లాగుకొనిపోయిరి. శిఖరము చేరి ఫొటోలు తీసికొనిరి. దిగునప్పుడు అది తూలి, కక్కుకొని, ప్రక్కకు ఒరగెను. అప్పుడొక బాలుడు తనకు మిగిలిన గ్రుక్కెడు నీరును దాని నోటిలో పోసెను గాని మ్రింగు శక్తి దానికి లేకపోయెను. చొక్కాలు విప్పి జోలెవలె కట్టి, వంతులవారిగా మోసి, పశువుల ఆసుపత్రికి చేర్చునప్పటికి ప్రాణము పోయియుండెను.

ఆ బాలురు క్రూరులు గారు. సోమవారమునాడు వారే మా యొద్దకు వచ్చి, ఒకడు విడిచిన మాట మఱియొకడు అందించుచు, ఇదంతయు చెప్పిరి. కుక్క యజమానుడైన బాలుడు చాలసేపు మాటాడలేదు. కట్టకడపట, "నాలుగుసార్లు కూచుంది మాస్టారండి. నాలుగుసార్లూ మేం నవ్వాం" అనెను.

సంఖ్యాకాండములోని బిలాము గాడిద కథ మన విద్యార్థులలో ఏ మతమువారికైనను తెలియనిది గాదు. గాడిద దారి విడిచి పొలములోనికి పోయెను, గోడకు ఒదిగెను, కడకు కూలబడెను; మూడు మారులును దెబ్బలు తినెను. ప్రవక్తకు కనబడని దూత గాడిదకు కనబడెనను అంశమునే ప్రసంగీకులు సామాన్యముగా నొక్కి చెప్పుదురు. మాకు దానికంటె దగ్గఱగా తోచునది మఱియొక అంశము. కూలబడుట గాడిద చేసిన విజ్ఞాపన. నోరు తెఱచి మాటాడక పూర్వమే అది మూడుమారులు చెప్పియుండెను. వినవలసినవాడు దానిని మొండితనమని లెక్కించెను. కొండమీద కుక్క కూర్చుండుటయు నట్టిదే. తాడు లాగువాడు ముందుగా తెలిసికొనవలసినది ఇది.

మేము ఈ సంగతిని తరువాత తరగతులలో విపులముగా బోధించితిమి గనుక తలిదండ్రుల నిమిత్తము క్లుప్తముగా వ్రాయుచున్నాము. రొప్పు విడువకుండుట, నాలుక ముదురెఱుపు తిరుగుట, చొంగ జిగటగా కారుట, నడక తూలుట, కక్కుట, ఇవి వడదెబ్బ గుఱుతులు. మొదటి గుఱుతు కనబడగనే నీడకు చేర్చి, ఒడలంతట, ముఖ్యముగా పొట్టమీదను తొడల సందులను, నీరు పోయుచు విసరవలెను. తడిగుడ్డ కప్పి వదలివేయుట మంచిది గాదు. కొంతసేపటికి ఆ గుడ్డయే వేడిని లోపల నిలుపును. త్రాగగలిగిన యెడల కొంచెము కొంచెముగా త్రాగనీయవలెను గాని బలిమిని నోట పోయరాదు. చల్లబఱచిన పిమ్మటనే పశువైద్యునియొద్దకు తరలింపవలెను. చల్లబఱచకయే పరుగెత్తుట వలన అమూల్యమైన కాలము దారిలో పోవును. ఇదంతయు చేయుటకు కావలసినది నీరు. కనుక కుక్క పాలు నీరు వేఱుగ మోయనివాడు కుక్కను వెంట తీసికొనిపోవుటకు అర్హుడు గాడు. ఈ ఒక్క నియమము పాటించినను ఆ ఎఱ్ఱకుక్క నేడు బ్రదికియుండెడిదని మా నమ్మకము.

ఇక కుక్కలే వలదను తలిదండ్రుల పక్షము. వారి భయము రేబీసు జాడ్యమును గూర్చినది, ఆ భయమును మేము తేలికగా చూడము. ఆ జాడ్యపు గుఱుతులు మనిషిలో కనబడిన తరువాత బ్రదుకుట దాదాపు లేదు. కాని గుఱుతులు కనబడక పూర్వము దానిని ఆపుటకు మార్గము 1885వ సంవత్సరము జూలై 6వ తేదినుండి మనుష్యజాతికి తెలిసియున్నది. ఆ దినమున పారిసు నగరములో లూయీ పాస్టరు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేయించెను, బాలుడు బ్రదికెను. 1907లో నీలగిరులలోని కూనూరునందు పాస్టరు పేరిట సంస్థ యేర్పడినది. మద్రాసు రాజధానిలో కుక్కకాటు తిన్నవారిని రైళ్లమీద అక్కడికి పంపుచుండిరి. పొట్టమీద పదునాలుగు సూదులను మాట విని వణకనివారు మా చిన్ననాట లేరు. నేడు భుజమున నాలుగైదు సూదులతో పని ముగియుచున్నది. అయినను ఊరిలో ఇంకను పసరు పిండించువారు, కారము అద్దువారు ఉన్నారని వినుచున్నాము. వారికి మేము చెప్పునది ఒక్కటే: కాటును పారు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ భయమునకు కుక్కను నిషేధించుట మందు గాదు. ఊరిలో కుక్కలు నడకనాడు మాత్రమే యుండునా? మన బాలురు ప్రతిదినము బడికి వచ్చు వీధులలో టీకా లేని కుక్కలు ఎన్ని యున్నవో తలిదండ్రులే లెక్కించుకొనవచ్చును. మూడునెలల యీడున మొదటి టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువున మరల టీకా వేయించిన కుక్కవలన పిల్లలకు కలుగు అపాయము మిగుల స్వల్పము. టీకా చీటి లేని కుక్క నడకకు రారాదను నిబంధన పెట్టినయెడల, నడకకు రావలెనను కోరికతోనైనను కొన్ని యిండ్లలో కుక్కలకు టీకా పడును. నిషేధము వలన ఒక్క టీకాయు పడదు.

కుక్కలలో అన్నియు ఒక తీరువి గావు. మన యూర ఇప్పుడు పగ్ అను చప్పిడిముక్కు కుక్కలను పైకము పోసి కొనుచున్నారు. సెల్‌ఫోను ప్రకటనలో ఒక పిల్లవాని వెంట నడచిన చిన్నకుక్కను చూచి దేశమంతట ఆ మోజు పుట్టినదని చెప్పుదురు. ఆ కుక్కకు ముక్కు కుఱుచ, గాలిదారి యిఱుకు, మెట్లెక్కినను రొప్పును. దానిని కొండకు తెచ్చుట అపచారము. బొచ్చుకుక్కలును, ముసలివియు, బలిసినవియు ఇంట నుండుటయే మేలు. మన ఎండకు తగినది మన ఊరకుక్కయే, అదియైనను ఎంతవఱకో పైన చూచితిమి.

అడవి మాట వేఱు. రిజర్వు అడవిలోనికి కుక్కను కొనిపోరాదని మా స్థిరాభిప్రాయము. తాడు లేని కుక్క కుందేటిని తఱుమును, అడవికోడి గ్రుడ్లను వెదకును. చిరుతపులికి తానే యాహారమగును. కంటికి కనబడని కీడు మఱియొకటి కలదు. 2018వ సంవత్సరమున గుజరాతులోని గిర్ అడవిలో కొలది వారములలో ఇరువదికి పైగా సింహములు చనిపోగా, వానిలో కొన్నిటికి డిస్టెంపరు వైరసు సోకినట్లు పరీక్షలలో తేలెను. అది పెంపుడు కుక్కలకును వచ్చు వ్యాధి. టీకా లేని కుక్క మల మూత్రములు అడవిలో విడిచివచ్చుట ఎవరికి కీడో ముందుగా చెప్పజాలము.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన్యపు పల్లెలవారు కుక్కను కాపునకు ఉంచుకొందురు. వారికి లేని నియమము మనకేల యని ఒక విద్యార్థి మమ్మడిగెను. మంచి ప్రశ్న. అడవిని గూర్చిన నియమములు ఆ కొండలమీద ఎంత చేటు తెచ్చినవో నర్సీపట్నమువారు మఱవరాదు. 1882 నాటి మద్రాసు అడవి చట్టము పోడు సేద్యమును అణచినది. నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు ఆ ఘాటీత్రోవ పనిలోనే గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచే వెట్టి చేయించెను. ఆ కడుపుమంటనుండియే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దాడులు సాగెను. 1924 మే 7న ఆయనను కాల్చి చంపిరి. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. కావున అడవిలో నివసించువానికి అడ్డు చెప్పు నోరు మనకు లేదు. వాని కుక్క వాని యింట నున్నది. మనము ఒక పూట వచ్చి పోవు అతిథులము. అతిథి తన కుక్కను వాకిట కట్టివేసి లోనికి పోవుట మర్యాద. లంబసింగిలో వేకువను కారుల కిటికీలనుండి కుక్కలను దింపి, బిస్కట్ల కాగితములు అక్కడనే పాఱవేసి పోవువారిని గూర్చి వ్రాయ మొదలిడినచో ఈ వ్యాసము తెగదు.

ఇన్ని చిక్కులుండగా కుక్క యేల యని అడుగుదురేమో. కుక్క లేని నడకలో బాలురు ఎట్లు నడతురో ఇరువది యేండ్లుగా చూచుచున్నాము. ముందుగా శిఖరము చేరవలెనను పందెమే వారికి నడక. కుంటువాడు, ఉబ్బసపువాడు, ఆఱవ తరగతి చిన్నవాడు వెనుకబడి సిగ్గుపడుచుందురు. కుక్క వెంట నున్న దినమున ఎవరో ఒకరు ఆగవలెను, నీరు పోయవలెను, నీడ వెదకవలెను. వారు కుక్కకొఱకు ఆగిన చోట చిన్నవాడును సిగ్గులేక కూర్చుండును. రెండేండ్ల క్రిందటి జనవరి నడకలో ఇది మేము కనులార చూచితిమి. అంతకుముందు ఏ ఉపన్యాసముచేతను ఆ పని మా వలన కాలేదు.

కుక్కతోడి ప్రయాణము పెద్దలకు చిన్నతనముగా తోచనక్కఱలేదు. తోబీతు గ్రంథములో తోబియా దూరదేశమునకు పోవునప్పుడు దేవదూతతో పాటు ఒక కుక్కయు వెంట నడచినట్లున్నది. ఆ గ్రంథము మన సంఘముల బైబిలులో చేరలేదు గాని రోమను కతోలికుల బైబిలులో నున్నది. భారతములోని మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు, తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లననెను. మన పాఠశాలలో ఈ రెండు కథలను ఎఱిగిన పిల్లలు ఒకే బల్లమీద కూర్చుందురు. ధర్మశాస్త్రములో విశ్రాంతి దినము ఎద్దునకును గాడిదకును గూడ విధింపబడినది. పశువు అలసట దేవుని లెక్కలోనిదని దాని భావము గదా. మన లెక్కలోనికి అది ఎప్పుడు వచ్చును?

ప్రధానోపాధ్యాయులవారికిని తలిదండ్రుల సంఘమునకును మా మనవి ఇట్లున్నది. నడక జనవరిలోనే జరుగవలెను. ఫిబ్రవరి నెల దాటిన తరువాత మనుష్యులకైనను వలదు. ఉదయము అయిదున్నరకు బయలుదేరి పదిగంటల లోపల దిగివచ్చుట మేలు. టీకా చీటి, మెడపట్టీ, తాడు గల కుక్కలు రెండింటికి మించి రాగూడదు. ఒక్కొక్క కుక్కకు ఇద్దఱు విద్యార్థులు బాధ్యులు. వారిలో నొకడు యజమానుడు, రెండవవాడు కుక్క లేని యింటివాడు కావలెను. కుక్క నీరు, దాని గిన్నె ఆ రెండవవాని సంచిలో నుండును. అర్ధగంటకొకమారు నిలిచి నీరు పట్టి, పాదములు చూడవలెను. కుక్క కూర్చున్నచో ఆ యిద్దఱును దానితో ఒక ఉపాధ్యాయుడును అక్కడనే నిలిచి, అది లేచిన తరువాత క్రిందికే దిగవలెను గాని పైకి కాదు. ఈ సంవత్సరము అట్లు క్రింద నిలిచిపోవు ఉపాధ్యాయునిగా మా పేరు వ్రాసికొనవలసినదిగా కోరుచున్నాము.